పాటల డబ్బి

తుర్కపల్లి ల్యాబు గేటు దగ్గర సోమవారం పొద్దున బస్సు ఆగేసరికి ఆడవాళ్ల వరుస రోడ్డు దాకా వచ్చి ఉంది. ఎన్నడూ లేనిది, ఆ రోజు సంచులన్నీ బల్ల మీద బోర్లించి చూస్తున్నారు. పద్మలత సంచిలోంచి టిఫిన్ డబ్బా పడింది, నీళ్ల సీసా పడింది, పిన్నీసులు గుచ్చిన గుడ్డముక్క పడింది. అన్నిటి వెనక నల్లటి తీగ చుట్టుకుని, అగ్గిపెట్టెలో సగమంత ఉన్న పాటల డబ్బి జారివచ్చి బల్ల అంచున ఆగింది.

గేటు దగ్గర ఆడవాళ్లను తనిఖీ చేసే తారాబాయి దాన్ని రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది.

"గిది లోపలికి పోదక్కా."

"ఎందుకు పోదు? రోజూ పోతనే ఉంది. నీకెరికే గద తారా."

తారాబాయికి ఎరికే. ఏడాది నుంచి పద్మలత సంచి తడిమి లోపలికి పంపుతున్నది ఆమే. ఒకసారి తనే తీగ చిక్కు విప్పి ఇచ్చింది కూడా. కాని ఇప్పుడు ఆమె చూపు పద్మలత మీద లేదు. వెనక క్యాబిన్ గడపలో చేతులు కట్టుకుని నిలబడ్డ పరమేష్ మీద ఉంది. సెక్యూరిటీ ఆఫీసరుగా అతను వచ్చి ఇంకా పదిరోజులు కాలేదు.

"మెమరీ ఉన్నదేది లోపలికి పోవద్దని కొత్త రూలొచ్చింది" అంది తారాబాయి, అప్పజెప్పిన పాఠంలా.

"దీంట్ల కెమెరా లేదు, సిమ్ము లేదు. పాటలు తప్ప ఏం లెవ్వు."

"మెమరీ ఉన్నది గదక్కా."

అప్పుడే రెండు కంపెనీ క్యాబులు వచ్చి ఆగాయి. మెడలో కార్డులు వేలాడేసుకున్న పిల్లలు దిగారు. చెవుల్లో తెల్లటి ముక్కలు, చేతుల్లో ఫోన్లు. ఆ ఫోన్లనే గేటు యంత్రానికి ఆనించి, మాట్లాడుకుంటూ నవ్వుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. పద్మలత వాళ్లను చూసి తారాబాయి వంక చూసింది.

"వాళ్లకు పాసులున్నయ్" అంది తారాబాయి మెల్లగా. "నువ్వు పో అక్కా, వెనక లైను ఆగింది. పొద్దుగూకాల ఇస్త."

పద్మలత పని సామాను కడిగే గదిలో. ల్యాబులోంచి బండ్ల మీద వచ్చే బీకర్లు, ఫ్లాస్కులు, గోరంత మూతి ఉన్న సీసాలు. మొదట మందు నీళ్లలో నానేయాలి, తర్వాత బ్రష్షు పెట్టి లోపల మూడు తిప్పులు తిప్పాలి, మామూలు నీళ్లు, ఆ తర్వాత శుద్ధి చేసిన నీళ్లు, ఆఖరుకు వెలుతురుకు ఎత్తి చూడాలి. గాజు మీద నీళ్లు చుక్కలుగా నిలిస్తే ఇంకా జిడ్డు ఉన్నట్టు. పలుచటి పొరలా జారిపోతే కడిగినట్టు. ఎనిమిదేళ్లుగా ఈ పనంతా ఆమె ఒక చెవిలో తీగ పెట్టుకుని చేసింది. రెండో చెవి పక్కన పనిచేసే వజ్రమ్మకు, పైఅధికారుల పిలుపులకు.

ఆ రోజు రెండు చెవులూ ఖాళీ. ఆరబెట్టే ఓవెను రొద ఇంత ఉంటుందని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. మధ్యాహ్నం లోపలే ఒక ఫ్లాస్కు మెడ దగ్గర విరిగింది.

"చెయ్యి తెగిందా?" వజ్రమ్మ దగ్గరికొచ్చింది.

"లే. ఎన్ని తిప్పులు తిప్పిన్నో మర్సిపోయిన."

పొద్దుగూకి గేటుకు వస్తే తారాబాయి బల్ల మీది కాగితాలు సర్దుతూ ఉంది. తలెత్తలేదు.

"ఆఫీసుల ఇచ్చిన అక్కా. నువ్వే పోయి అడుక్కోవాల్నట."

ఆఫీసుకు అప్పటికే తాళం పడింది. బస్సు హారన్ కొడుతూ ఉంది.

గౌడవెల్లిలో ఇంటికి చేరి సంగతి చెబితే కూతురు శ్రీదివ్య పకపకా నవ్వింది. "గా డబ్బి కోసమా ముఖం గంతగనం పెట్టినవ్? పోతే పోనియ్ అమ్మా." లోపలికి వెళ్లి తన పాత ఫోను తెచ్చింది. అద్దం ఒక మూల పగిలింది కాని బాగానే పనిచేస్తుంది. అందులో ఒక సిమ్ము వేసి, పాటల యాపు పెట్టి తల్లి చేతిలో ఉంచింది. "లోకంల ఉన్న పాటలన్ని దీంట్లనే ఉన్నయ్. ఏ పాట గావాలె, చెప్పు."

పద్మలత ఆలోచించింది. ఆ డబ్బికి తెర లేదు. ఏ పాట పేరూ ఆమెకు తెలియదు. మేడ్చల్‌లో ఒక సెల్లు దుకాణం అతను ఎక్కడో జాతరలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు పాడినవి ఎక్కించి ఇచ్చాడు. ఒకదాని వెనక ఒకటి, ఎప్పుడూ అదే వరుసలో వస్తాయి.

"మొదలు డప్పు వస్తది. ఇగ ఒకామె అందుకుంటది. పాడంగ పాడంగ నడుమ దగ్గుతది. పక్కామె అందుకొని పాడుతది. మళ్ల దగ్గినామె వచ్చి కలుస్తది."

"దగ్గేది అని ఎట్ల దేవులాడాలె? పేరు లేకుంటే పాడు. ఫోనే వింటది."

పద్మలత సిగ్గుపడుతూ ఫోను నోటి దగ్గర పెట్టుకుని రెండు ముక్కలు పాడింది. ఫోను కాసేపు గుండ్రంగా తిరిగి తిరిగి, మేడ్చల్ దగ్గర ఓపెన్ ప్లాట్లు ఉన్నాయని ఒక ప్రకటన వినిపించి, తర్వాత ఏదో పెళ్లి డ్యాన్సు పాట అందుకుంది.

వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న ఎల్లేష్ అక్కడి నుంచే అన్నాడు. "పాటల సంగతేమో గని, మంచి పనే అయింది. బస్సెక్కిందంటే మళ్ల దిగేదాంక మీ అమ్మ యాడున్నదో దేవునికే ఎరుక. ఇగ ఫికరు లేదు."

ఎల్లేష్ చెడ్డవాడు కాదు. కొత్త ప్లాట్ల వెంచర్లకు నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. పొద్దున్నే ఆమెను బండి మీద మేడ్చల్ బస్టాండులో దింపుతాడు, సాయంత్రం అక్కడే నిలబడి ఎక్కించుకుంటాడు. మంగళవారం పొద్దున ఆమెను దింపి, బస్సు ఇంకా ఊరు దాటకముందే ఫోన్ చేశాడు.

"బోరు స్టార్టర్ డబ్బా తాళం యాడ వెట్టినవ్?"

చెప్పింది. ఒక పాట మొదలై సగం కాకముందే మళ్లీ చేశాడు. తాళం దొరికిందట. తర్వాత ఆడబిడ్డ చేసింది, కొత్త నంబరు కలుస్తుందో లేదో చూద్దామని. తర్వాత కంట్రాక్టరు మనిషి. పక్క బ్లాకులో ఒకామె రాలేదు, ఈ రోజు ముందు అక్కడికి పొమ్మన్నాడు. ఎవరిచ్చారో అతనికి నంబరు అప్పుడే! శామీర్‌పేట చెరువు ఎప్పుడు దాటిందో ఆమె చూడనే లేదు. ఎనిమిదేళ్లుగా రోజూ ఆ నీళ్లు కనిపించే కిటికీ వైపే కూర్చునేది. ఆ గంటసేపు ఆమె ఎవరి పెళ్లామూ కాదు, ఎవరి తల్లీ కాదు, ఏ బ్లాకు మనిషీ కాదు. ఆ సంగతి అంతకు ముందు ఆమెకు తట్టలేదు. ఇప్పుడు ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, అది ఎప్పుడు మోగుతుందోనని తొడ మీద చర్మం కాచుకుని ఉంది. మోగనప్పుడు కూడా పాట చెవికెక్కడం లేదు.

గేటు దగ్గర ఫోనును గూట్లో పెట్టి చీటీ తీసుకుంటే ప్రాణం తెరిపిన పడింది. అది తెలిసి ఆమెకే ఆశ్చర్యం వేసింది.

బుధవారం అన్నం తినే విరామంలో చీర చెంగుకు చేతులు తుడుచుకుంటూ ఆఫీసుకు వెళ్లింది. పరమేష్ బల్ల మీద ఫోను నిలబెట్టుకుని ఏవో నవ్వుల వీడియోలు చూస్తున్నాడు. ఆమె చెప్పింది విని ఫోను బోర్లించాడు. బీరువా తెరిచాడు. అందులో రెండు పెన్‌డ్రైవులు, ఒక చేతి గడియారం. రిజిస్టరు తిప్పాడు.

"సోమవారం ఇక్కడికి ఏ డబ్బీ రాలేదు."

"ఇచ్చిన అన్నది సార్."

"ఎవరన్నది?"

పరమేష్ ఒక తెల్లకాగితం ఆమె ముందుకు జరిపి, దాని మీద పెన్ను పెట్టాడు.

"పేరు రాసి సంతకం పెట్టు. గేటు మీద నిలబడి దొంగతనమా? పొద్దుగూకే లోపల ఇంటికి పంపిస్త. నీ వస్తువు నీకు ఇప్పిస్త."

ఆమె పెన్ను చేతిలోకి తీసుకుంది. కోపం లేకపోలేదు. రెండు రోజులుగా చెవుల్లో ఓవెను రొద, ఒళ్లో ఫోను రొద. తారాబాయి తన కళ్లలోకి చూడకుండా అబద్ధమాడింది. కాగితం మీద చుక్క పెట్టింది. కాని ఆ ఒక్క పేరు రాస్తే అయిపోయే పని ఇంత తేలిగ్గా ఉండటం ఆమెకు మంచిగా అనిపించలేదు. క్యాబుల్లోంచి దిగే పిల్లల పేర్లు రాయమని ఎవరికైనా ఇలా పెన్ను అందిస్తారా?

"ముఖం యాదికున్నది గని పేరు ఎరికె లేదు సార్. అడిగి చెప్త."

"ఏడాది నుంచి గేటు మీద ఉన్నది ఒక్కతే ఆడమనిషి" అన్నాడు పరమేష్, ఆమె వంకే చూస్తూ.

"శుక్రవారం చెప్త సార్" అని లేచి వచ్చేసింది.

గురువారం తారాబాయికి సెలవు. శామీర్‌పేటలో ఏ గల్లీలో కిరాయికుంటుందో వజ్రమ్మ చెప్పింది. సాయంత్రం పద్మలత సగం దారిలో బస్సు దిగింది. 'జర ఆలస్యమైతది, బస్టాండుకు రాకు' అని ఎల్లేష్‌కు ఫోన్ చేస్తే, ఎందుకు, ఎక్కడ, ఎవరింటికి, ఎంతసేపు అని అడిగి పెట్టేశాడు.

రేకుల గదులు వరుసగా ఉన్నాయి. నడుమ అందరికీ ఒకటే నల్లా. తారాబాయి అక్కడ కూర్చుని గిన్నెలు తోముతోంది. యూనిఫాం లేకుండా చూస్తే ఆమె ఇంత చిన్నపిల్లా అనిపించింది. తల మీదుగా చున్నీ బిగించి కట్టుకుంది. చెవి దగ్గర చున్నీ కింద సన్నటి తీగ ఉబ్బి కనిపిస్తోంది. పక్కన కిటికీలో ఫోను, తెర పైకి పెట్టి ఉంది.

నీడ పడి తలెత్తిన తారాబాయి లేవలేదు, బుకాయించలేదు. బూడిద చేతులు కడుక్కుని, లంగా అంచుకు తుడుచుకుని, చున్నీ కిందినుంచి తీగ లాగి, నడుములో దోపుకున్న డబ్బి తీసి దానికే చుట్టి, చేయి చాపింది.

"రాసిచ్చినవా అక్కా నా పేరు?"

"ఇంక రాయలే."

"రాస్తే తప్పు గాదు. నేను చేసిందే తప్పు."

పద్మలత డబ్బి తీసుకుంది. వెచ్చగా ఉంది. "అడిగితే ఇయ్యకపోతుంటినా? రెండు దినాలు వినుకోమనకపోతుంటినా?" అంది.

"ఆ పొద్దు ఆఫీసుల ఇద్దామనే యూనిఫాం కీసల ఏసుకున్న. మధ్యాహ్నం ఎండకు ఎవ్వలు లేరు. ఎట్లుంటదో అని ఒక్కసారి చెవుల వెట్టుకున్న. అరగంట..." తారాబాయి ఆగి నీళ్లలో మునిగిన గిన్నె వంక చూసింది. "అరగంట నన్ను ఎవ్వలు ఏం అడగలే అక్కా."

కిటికీలో ఫోను మోగింది. తారాబాయి లేచిన వేగానికి గిన్నె దొర్లింది. వీడియో. ఆమె ఫోను ముఖానికెదురుగా పట్టుకుంది. అటునుంచి మగగొంతు లంబాడీ మాటల్లో ఏదో అడిగింది. తారాబాయి ఫోను తిప్పి నల్లా చూపించింది. గిన్నెలు చూపించింది. గది తలుపు చూపించింది. గొంతు మళ్లీ ఏదో అంది. ఆమె పద్మలత వంక చూసింది, మన్నించమన్నట్టు, ఫోను ఆమె వైపు తిప్పింది.

తెర మీద ఒక నలుచదరపు ముఖం, తల మీద దుమ్ము. వెనక కంకర మిషను. పద్మలత ఎందుకో చెంగు సర్దుకుంది.

"ఎవలు?" అన్నాడతను తెలుగులో.

"గా కంపెనీల పనిచేసే అక్క" అంది తారాబాయి.

"నమస్తే" అంది పద్మలత. తనను తాను ఒక సాక్ష్యంలా ఆ చిన్న అద్దం ముందు నిలబెట్టుకున్నందుకు ఆమె చెవులు వేడెక్కాయి.

ఫోను పెట్టేశాక తారాబాయి మళ్లీ గిన్నెల ముందు కూర్చుంది. "మా ఆయన కొట్టడు, తిట్టడు. జర చూసుకుంటడు, అంతే. దినానికి ఏడెనిమిది సార్లు చేస్తడు. నన్ను గేటు పనికి పెట్టిన ఏజెన్సీ వాళ్లు గూడ గంట గంటకు గేటు కాడ ఫోటో దిగి పంపుమంటరు. నిద్రలగూడ మోగినట్టయితది. గీ డబ్బి మోగదు. పాడుతది గని మోగదు."

పద్మలత నల్లా కట్టేసింది. "ఏ పాట మంచిగనిపించింది?"

తారాబాయి ఆలోచించి, "పేరు తెల్వదు. ఒకామె నడుమ దగ్గుతది సూడు..." అంది.

"ఆమె వచ్చి కలిసేటప్పుడు గొంతు జర బొంగురుంటది."

"అవ్! ఆడనే మంచిగుంటది."

ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది.

శుక్రవారం పొద్దున వరుసలో తన వంతు రాగానే పద్మలత సంచి బోర్లించకముందే డబ్బి తీసి తారాబాయి అరచేతిలో పెట్టింది. ఫోన్లు పెట్టే గూళ్లు పక్కనే ఖాళీగా ఉన్నాయి. వాటి వంక ఇద్దరూ చూడలేదు.

"పొద్దుగూకాల ఇయ్యి."

పరమేష్ మధ్యాహ్నం పిలిపిస్తే వెళ్లి, "దొరికింది సార్, నేనే యాడనో వెట్టుకున్న" అని చెప్పింది. అతను నమ్మలేదు. "ఇట్లనే చెడగొడుతరు మీరు మీరు" అని విసుక్కున్నాడు. పొమ్మన్నాడు.

శుక్రవారం, శనివారం అలాగే జరిగింది. బస్సులో వచ్చేటప్పుడు, పోయేటప్పుడు ఆమెకు. మధ్యలో పగలంతా తారాబాయికి, టోపీ కింద. ఫోను ఎలాగూ మోగుతూనే ఉంది. మోగితే మాట్లాడి మళ్లీ తీగ చెవిలో పెట్టుకునేది. శనివారం సాయంత్రం తారాబాయి డబ్బి తిరిగిస్తూ, "చార్జింగు గూడ పెట్టిన" అంది. గాజులు అమ్మే అంగట్లో కొన్న ఎర్ర దారంతో తీగను చిక్కుపడకుండా కట్టి ఉంది.

సోమవారం పొద్దున డబ్బి చేతికిచ్చేసరికి పక్కనే పరమేష్ ఉన్నాడు. తారాబాయి గుప్పిట మూసి తలూపింది.

సాయంత్రం గేటు దగ్గర వేరే ఆమె ఉంది. నడివయసు, కొత్త బెల్టు, చేతిలో ఫోను.

"తారాబాయి యాడికి పోయింది?"

"గాజులరామారంల ఏదో కంపెనీల మనుషులు తక్కువైన్రట. మధ్యాహ్నం ఏజెన్సీ బండొచ్చి ఉన్న ఫళంగ ఎక్కించుకపోయిన్రు. ఇగ ఆడనే డ్యూటీ."

"నాకేమన్న ఇచ్చిపోయిందా?"

ఆమె బల్ల సొరుగు లాగి చూపింది. పెన్ను, స్టాంపు ప్యాడు, చీటీల కట్ట. "ఏం లేదమ్మా. నంబరున్నది నా దగ్గర. చెయ్యాల్నా?"

అడగడమే కాదు, అప్పటికే పేరు తీసి పచ్చ గుర్తు మీద వేలు పెట్టింది. పద్మలత ఆ వేలిని చూసింది. అది తగిలితే ఎక్కడో, ఇంకా అలవాటుపడని గేటు దగ్గర, తారాబాయి జేబులో ఫోను మోగుతుంది. చున్నీ కిందినుంచో టోపీ కిందినుంచో తీగ లాగేస్తుంది. పాట సగంలో తెగుతుంది. ఎవరు చేశారని రాత్రి మొగుడు అడుగుతాడు. మరి తను? రేపు బస్సులో ఏముంటుంది తన చెవిలో? ఎనిమిదేళ్లు. ఆ దగ్గు, ఆ బొంగురు గొంతు, డప్పు. ఇంకెక్కడా దొరకవు.

"వద్దు" అంది.

"ముఖ్యమైందైతే చెయ్యమ్మా, ఏమైతది?"

"వద్దక్కా. ఉండనియ్."

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. వజ్రమ్మ పక్క సీటు. బస్సు కదలగానే ఎల్లేష్ ఫోన్ చేశాడు. ఎత్తితే ఏమంటాడో ఆమెకు తెలుసు. బస్సెక్కినవా అంటాడు. అద్దం పగిలిన మూలలో అతని ఫోటో వెలిగి, ఆగి, మళ్లీ వెలిగింది.

"వజ్రమ్మా, దీన్ని బంద్ ఎట్ల చేస్తరు?"

"మోగకుంటనా?"

"మొత్తానికే."

వజ్రమ్మ పక్క మీట నొక్కి పట్టి చూపించింది. తెర నల్లబడింది. పద్మలత దాన్ని టిఫిన్ డబ్బా కిందికి తోసి సంచి మూతి ముడివేసింది. చెరువు దగ్గరికొచ్చేసరికి ఎండ నీళ్ల మీద ఏటవాలుగా పడుతోంది. చెవుల్లో బస్సు ఇనుము చప్పుడు తప్ప ఏమీ లేదు. లోలోపల డప్పు మొదలుపెట్టి చూసుకుంది. మొదటి ఆమె పాడింది, రెండో ఆమె అందుకుంది, ఆ తర్వాతి మాట ఎంత వెతికినా రాలేదు. చెరువు అయిపోయేదాకా వెతుకుతూనే కూర్చుంది.

మేడ్చల్‌లో దిగితే ఎల్లేష్ బండి దిగి నిలబడి ఉన్నాడు. ముఖానికి చెమటలు పట్టాయి.

"ఎన్నిసార్లు చేసిన! మస్తు పరేషాన్ అయిన. బంద్ అని వస్తాంది. చార్జింగ్ అయిపోయిందా?"

అవును అంటే అక్కడితో తెగిపోయేది.

"ఉన్నది. నేనే బంద్ చేసిన."

"ఎందుకు?"

"ఊకెనే. బస్సుల ఉన్నంతసేపు బంద్ ఉంటది. రేపు గూడ."

అతను ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. చుట్టూ బస్సులు, ఆటోలు. వెనక ఎవరో జరగమని హారన్ కొట్టారు.

"మరి గా నడుమ నాకేమన్న పనివడితే?"

"ఇంటికొచ్చినంక చెప్పు" అంది పద్మలత, సంచి ముందుకు లాక్కుని బండి మీద కూర్చుంటూ.

ఎల్లేష్ కిక్కు కొట్టాడు. గౌడవెల్లి దారి పట్టాక అతనే, గాలికి గొంతు పెంచి, "గట్టిగ పట్టుకో, ముంగట గుంతలున్నయ్" అన్నాడు.